ఏ చేత్తో

ముందటేడు నవంబర్. తొలివానకి పుట్టలు మెత్తబడ్డాయి.
టాంగనికా సరస్సు మీద
రాత్రంతా చేపలు పట్టినవాళ్ళ లాంతర్లు
ఒక్కొక్కటే ఆరిపోయే వేళకి
ఇద్రిసా కొండెక్కాడు,
ఎడమచేతిలో కత్తి,
చంకలో అట్ట, అట్టకి దారంతో కట్టిన పెన్సిలు.

కాగితం మీద రెండే గడులు.
కుడి. ఎడమ.
చింపాంజీ పుట్టలోకి పుల్ల దించిన ప్రతిసారీ ఒక గీత.
పదమూడేళ్ళుగా ఇదే కొలువు.

కిజా వచ్చింది, పిల్ల పిలిని కడుపుకి కరుచుకుని.
గడ్డిపోచ తెంపి, మొన కొరికి,
వేలితో కన్నం గీరి
ఎడమచేత్తో దించింది.
ఆగింది.
లోపల చెదపురుగులు కోపంతో పోచని కరిచేదాకా ఆగింది.
మెల్లగా తీసి, కుడి మణికట్టు మీద ఆనించి
పెదాలతో ఏరుకుంది.
మళ్ళీ ఎడమ. మళ్ళీ ఎడమ.
పుర్రచేతి వాటం.
ఎవరూ కాదనలేదు.

ఇక్కడివాళ్ళు కుడిచేతిని తినే చెయ్యి అంటారు.
మన మాటలోనూ కుడిచే చెయ్యేగా కుడిచెయ్యి!
ఎడమకి మిగిలింది ఎడం.
కాకపోతే వాళ్ళ 'కులియా'కి ఇంకో అర్థం కూడా ఉంది:
ఏడవడం.
ఇద్రిసాకి రెండర్థాలూ ఒకే పూట తెలిశాయి,
అయిదో ఏట, ఉగాలీ ముద్ద ఎడమచేత్తో అందుకున్నందుకు
నానమ్మ ఆ చేతిని పాత కాంగా పేలికతో
నడుముకి కట్టేసినప్పుడు.
"నీ మంచికేరా" అంది, ముడి బిగిస్తూ.
ఎప్పుడు విప్పిందో అతనికి గుర్తులేదు.
మిగతా పని బడిలో బెత్తం చూసుకుంది.

ఇప్పుడు కుడిచేత్తో తింటాడు, కుడిచేత్తో రాస్తాడు,
పెద్దలకి కుడిచెయ్యి చాపి నమస్కరిస్తాడు.
అడవిలో కత్తి ఒక్కటే పాత చేతికి వెళ్ళిపోతుంది.

అతని గీతలు పడవెక్కి, విమానమెక్కి
ఎక్కడో చలిదేశంలో శాతాలవుతాయి.
మొగ్గు ఉందంటాడొకడు.
లెక్క చాలదంటాడు ఇంకొకడు.
బోనులో పుట్టినవాటి సంగతి వేరంటాడు మరొకడు,
మనుషులు తిండి అందించే చెయ్యి చూసి నేర్చుకుంటాయట.
ఇద్రిసాని అడిగితే నవ్వుతాడు:
"కిజాని అడగండి. కాదంటే మా నానమ్మని."

నిరుడు ఎండాకాలంలో
ఎవరో అడవిపందికి పన్నిన ఉచ్చు
కిజా ఎడమచేతిని పట్టుకుంది.
తెంచుకుని వచ్చింది గానీ
తీగ చేతిలోనే ఉండిపోయింది.
నెల తిరిగేసరికి వేళ్ళు
ఎండుమిరపకాయల్లా ముడుచుకున్నాయి.

ఈ నవంబర్. అదే పుట్ట.
కిజా కుడిచేత్తో పోచ పట్టింది.
కన్నం పక్కన పొడిచింది. వంగింది. పారేసింది.
ఇంకోటి.
దిగింది, తీసేటప్పుడు మణికట్టు వణికి
చెదలన్నీ సగం దారిలో రాలాయి.
రాలినవాటిని చూసింది.
తర్వాత తన కుడిచేతిని చూసింది,
అరువు తెచ్చుకున్న పనిముట్టుని చూసినట్టు.
పక్కన పిలి, ఇప్పుడు ఒళ్ళో పట్టనంత పెద్దది,
తల్లి విసిరేసిన పోచ తీసుకుని
ఎడమచేత్తో, ఒక్కసారికే, లోతుగా.

కాగితం అడిగేది ఏ చేత్తో అని మాత్రమే.
ఇష్టమా, అలవాటా, ఉచ్చా, నానమ్మా,
రాయడానికి గడి లేదు.
ఇద్రిసా పెన్సిలు చాలాసేపు గాలిలోనే ఉంది.
అట్టకి కట్టిన దారం
ఈ చేతినుంచి ఆ చేతికి చాలదు.
పళ్ళతో ముడి విప్పాడు.

సాయంత్రం లెక్కలు ఎక్కించే సలోమే
ఒక పేజీ దగ్గర ఆగింది.
"ఇదెవరు రాశారు? గీతలు ఒకటో తరగతి పిల్లాడివిలా ఉన్నాయి."

"నేనే" అన్నాడు,
టీ గ్లాసు చెయ్యి మార్చుకుంటూ.